పొగాకు బ్యారన్ ఆత్మకథ

నేను పొగాకు బ్యారన్‌ని, పచ్చాకును వేడికి ఆరబెట్టే కట్టడాన్ని. ఒంగోలు, కందుకూరు వాళ్లకు నా సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. మాది జింబాబ్వే. హరారే నుంచి చిరుండు పోయే రోడ్డులో, కరోయి దగ్గర. 1950ల్లో ఒక తెల్లదొర నన్ను కట్టించాడు. దొర పేరే గానీ, ఇటుక కాల్చిందీ గోడ లేపిందీ మలావీ నుంచి వలసొచ్చిన కూలీలు.

పచ్చాకు కర్రలకు కట్టి నా లోపల అంచెలంచెలుగా వేలాడదీస్తారు. వారం రోజులు పొయ్యి ఆరకూడదు. రాత్రి కాపలా కూలీ ఒకతను థర్మామీటరును నమ్మేవాడు కాదు. ఒక ఆకు లాగి ఈనె విరిచేవాడు. పుటుక్కుమంటేనే ఆకు కాలినట్టు. దొర కూడా వచ్చి అతణ్నే అడిగేవాడు.

దొరకు ఆ నేల ఎలా వచ్చిందంటారా? 1930 నాటి చట్టం దేశంలో సగం భూమి, అందులోనూ సారవంతమైంది, తెల్లవాళ్లకు రాసిచ్చింది. 1980లో స్వాతంత్ర్యం వచ్చినా, దానికి ముందు లండన్‌లో కుదిరిన లాంకాస్టర్ హౌస్ ఒప్పందం ప్రకారం పదేళ్లపాటు అమ్మేవాడు ఇష్టపడితేనే ప్రభుత్వం నేల కొనాలి. నేల పంపకం అంత ఆలస్యమైంది కాబట్టే అంత మొరటుగా జరిగిందని నేనంటాను. పరిహారం లేకుండా నేల తీసుకునే వీలున్న కొత్త రాజ్యాంగ ముసాయిదాను అధ్యక్షుడు ముగాబే తెస్తే, 2000 ఫిబ్రవరిలో ప్రజలు ఓటేసి తిప్పికొట్టారు. ఆ వెంటనే విమోచన యుద్ధపు మాజీ సైనికులు పొలాల మీద పడ్డారు. దొర వెళ్లిపోయాడు. దొర మనుషులంటూ కూలీలనూ తరిమారు. ఈనె విరిచే అతను మూట తలకెత్తుకుని పోయాడు.

ఆపైన నా పొయ్యి చాలాకాలం వెలగలేదు. 2000లో 23 కోట్ల కిలోలు దాటిన దేశపు పొగాకు 2008కి 5 కోట్ల లోపుకు పడిపోయింది. ఆ నేల పంచుకున్న కొత్త రైతుల చేతిలో అప్పట్లో పర్మిట్ ఉండేది, పట్టా ఉండేది కాదు. నేల సర్కారుది, కాబట్టి బ్యాంకు అప్పిచ్చేది కాదు. ఎగుమతి డాలర్లు తగ్గాయి, ప్రభుత్వం నోట్లు అచ్చేసుకుంటూ పోయింది. 2009 జనవరిలో వచ్చిన ఒక్క నోటు మీద 100 లక్షల కోట్ల జింబాబ్వే డాలర్లు! ఆ ఏడే ఆ డబ్బును వదిలేసి జనం అమెరికా డాలరు పట్టుకున్నారు.

ఇప్పుడు నాలుగైదు కుటుంబాలు వంతులవారీగా నాలో ఆకు కాల్చుకుంటున్నాయి. పొయ్యిలోకి అప్పుడు హ్వాంగే గనుల బొగ్గు, ఇప్పుడు కొండమీది మసాసా చెట్లు. 2023లో పంట 29 కోట్ల కిలోలు దాటింది, దొరల కాలంలో ఎన్నడూ అంత లేదు. నల్లరైతుకు సేద్యం చేతకాదన్నవాళ్లు ఆ అంకె చూసుకోవాలి. కాకపోతే విత్తనం, ఎరువు కాంట్రాక్టు కంపెనీవి. వాళ్ల బాకీ పోగా మిగిలిందే రైతుకు.

2020లో ప్రభుత్వం తెల్లరైతులకు 350 కోట్ల అమెరికా డాలర్ల పరిహారం ఒప్పుకుంది. నేలకు కాదు, నేలమీద కట్టినవాటికి. అంటే చెరువు కట్టలకు, ఇళ్లకు, నాలాంటి బ్యారన్లకు. నన్ను కట్టిన కూలీలు ఆ ఒప్పందంలో లేరు.