జరిమానా

1923 మార్చి 6. న్యూయార్క్ అపోలో థియేటర్‌లో ఆట నడుస్తుండగానే పోలీసు వచ్చాడు. నిర్మాత మీదా, నటుల మీదా కేసు పెట్టారని చెప్పాడు. అసభ్య నాటకం ఆడారన్నది నేరం.

ఆ నాటకం షోలెమ్ ఆష్ యిడ్డిష్‌లో రాసిన 'ప్రతీకార దేవుడు'. యెకెల్ అనే యూదుడు కింద వేశ్యాగృహం నడుపుతూ పైన కాపురం ఉంటాడు. కింది మకిలి కూతురికి అంటకూడదు. అందుకని డబ్బు పోసి యూదుల పవిత్ర గ్రంథం తోరాను చుట్టగా రాయించి, ఆ చుట్టను ఆమె గదిలో పెట్టిస్తాడు. కూతురు కింద ఉండే ఒకామెనే ప్రేమిస్తుంది. చివరికి ఆ చుట్టను తీసుకుపొమ్మంటాడు యెకెల్.

యెకెల్ వేషం రుడాల్ఫ్ షిల్డ్‌క్రౌట్‌ది. 1907లో బెర్లిన్‌లో మాక్స్ రైన్‌హార్ట్ ఆడించినప్పుడూ ఆయనే వేశాడు. అదే ఏడు న్యూయార్క్‌లోనూ యిడ్డిష్‌లో ఆడారు. పోలీసులు రాలేదు. ఇంగ్లీషులోకి వచ్చి బ్రాడ్‌వే ఎక్కాకే కేసు. ఫిర్యాదు చేసింది ఒక యూదు మతగురువు. రాసినవాడు, ఆడినవాడు, ఫిర్యాదు చేసినవాడు ముగ్గురూ యూదులే.

మే నెలలో జ్యూరీ అందరినీ దోషులంది. షిల్డ్‌క్రౌట్‌కూ, నిర్మాత హారీ వైన్‌బర్గర్‌కూ చెరి 200 డాలర్ల జరిమానా. తర్వాత పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అప్పటికి నాటకం ఎప్పుడో ఆగిపోయింది.

షిల్డ్‌క్రౌట్ హాలీవుడ్ వెళ్లాడు. 1927లో సెసిల్ బి. డిమిల్ మూకీ చిత్రం 'ది కింగ్ ఆఫ్ కింగ్స్'లో పెద్ద వేషమే దొరికింది. ఈసారి వేశ్యాగృహం యజమాని కాదు, జెరూసలేం ఆలయ ప్రధాన యాజకుడు కయప. ఏసును సిలువకు అప్పగించినవాడు. డబ్బు తీసుకుని ఏసును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతు వేషం సొంత కొడుకు జోసెఫ్‌ది.

ఏసు చావుకు యూదులనే దోషులుగా చూపారని యూదు సంఘాలు మొత్తుకున్నాయి. డిమిల్ కొన్ని మార్పులు చేశాడు. సినిమా ఆడింది. ఎవరి మీదా పోలీసు కేసు లేదు, జరిమానా లేదు.

సిలువ ఘట్టంలో భూమి కంపిస్తుంది. ఆలయపు తెర చిరుగుతుంది. దాని ముందు కయప దేవుణ్ణి వేడుకుంటాడు. మూకీ గనుక షిల్డ్‌క్రౌట్ గొంతు వినిపించదు. తెర మీద అక్షరాలు పడతాయి: తన జాతి మీద కోపం వద్దనీ, తప్పు చేసింది తానొక్కడేననీ.