ఎర్రరు పోయినది గదా!

ప్రోగ్రామర్ల లోకమున సర్వసందేహములకును పరమప్రమాణముగా వెలయుచున్న వాక్యమొకటి కలదు. అమీర్‌పేట శిక్షణాలయమున నిన్న మొన్న అక్షరాభ్యాసము గావించిన యువకుడును, అమెరికాలో ఏండ్ల తరబడి కోడు వ్రాసి తల నెరసిన పెద్దయు దానిని సమానమైన భక్తితో ఉచ్చరింతురు: "ఎర్రరు పోయినది గదా!" పేర్ల పట్టికను అకారాది క్రమమున అమర్చు ప్రోగ్రాము విషయమున ఈ ప్రమాణము కొంతవరకు చెల్లును, అచట తప్పు జరిగినచో అది కంటికి గనబడును. రహస్యలిపి సంగతి వేరు. చక్కగా గూఢపరుపబడిన సందేశమును, గూఢపరుపబడినట్లు నటించు సందేశమును, చూచువానికి ఒకే విధమైన అక్షరముల చెత్తగా తోచును. తాళముచెవి ఉన్నవానికి రెండును యథాతథముగా విచ్చుకొనును. వాని భేదము నెరిగినవాడు శత్రువొక్కడే, వాడు వచ్చి చెప్పడు. కాబట్టి ఈ శాస్త్రమున నిజము పలుకు ఆప్తుడెవడైన ఉన్నచో ఆతడు ఎర్రరే. ఆతని నోరు మూయించుటయే సిద్ధియని నమ్ము సంప్రదాయము ఎంత వైభవముతో వర్ధిల్లుచున్నదో చిత్తగింపుడు.

ముందుగా ఇన్‌స్టాలు చేయు ఘట్టము. పైథాను భాషకు పైక్రిప్టో అను లైబ్రరీ యొకటి ఉండెను. దాని కట్టకడపటి విడుదల 2.6.1, వెలువడినది 2013లో. ఆ తరువాత దానిని పోషించినవారు లేరు, సరికదా ఆ కడపటి విడుదలలోనే మెమరీ హద్దులు మీరి వ్రాయబడు లోపమొకటి బయటపడినది. ఐనను పాత పాఠములను నమ్మినవారు దానినే పిలుతురు; విండోస్ యంత్రము "సీ కంపైలరు లేదు" అని మొరపెట్టగా, ఈ మృతగ్రంథము నుండి విముక్తి లభించినదని సంతోషింపక, కంపైలరును దెచ్చుటకై గిగాబైట్ల కొలది దిగుమతి గావింతురు. పైక్రిప్టోడోమ్ అను వారసుడు లేకపోలేదు. కాని ఆతడు పూర్వుని పేరైన 'క్రిప్టో'నే ధరించుటచే, ఇరువురును ఒకే ఫోల్డరులో జొరబడి ఒకరి ఫైళ్లనొకరు త్రొక్కుకొందురు. ఈ వంశకలహము చాలదన్నట్లు, వీరితో ఏ సంబంధమును లేని మరియొక ప్యాకేజి అదే పేరును ఆంగ్లమున చిన్న అక్షరముతో వ్రాసికొని కూర్చున్నది. ఒకడు పొరపాటున దానిని ముందుగా ఇన్‌స్టాలు చేసినచో, చిన్న పెద్ద అక్షరములకు భేదము పాటింపని విండోస్, తరువాత వచ్చిన అసలు సరుకును గూడ ఆ చిన్నపేరు ఫోల్డరులోనే దింపును. ఆ భేదమును నిష్ఠతో పాటించు పైథాను "క్రిప్టో అను మాడ్యూలు లేదు" అని తెగేసి చెప్పును.

దీనికి దేశదేశముల వాడుకలోనున్న చికిత్స యేమి? ఫోల్డరు పేరులోని మొదటి అక్షరమును పెద్దది చేయుట! ఆ ఫోల్డరులో ఎవరి ఫైళ్లున్నవి, ఏ రెండు ప్యాకేజీలు కలిసి యున్నవి, తన పాస్‌వర్డులను ఎవరి చేతిలో పెట్టుచున్నాడు అను ప్రశ్న ఆ ప్రోగ్రామరునకు తోచనే తోచదు. అన్నిటిని తొలగించి, కావలసినదానిని మాత్రము తిరిగి ఇన్‌స్టాలు చేయుటకు పట్టునది రెండు నిమిషములు. కాని పేరు మార్చుటకు పట్టునది రెండు సెకనులు గదా!

2021 ఫిబ్రవరిలో 'క్రిప్టోగ్రఫీ' అను వేరొక లైబ్రరీ తన 3.4వ విడుదలలో రస్ట్ భాషను ప్రవేశపెట్టినప్పుడు లేచిన హాహాకారమును గూర్చి ఇచట విస్తరింపను. సిద్ధముగా కట్టి యుంచిన ప్యాకేజిని ప్యాకేజీలను దెచ్చు తమ పాత పిప్ గుర్తింపలేకపోయినదని తెలిసి, పిప్‌ను నవీకరించి బ్రతికినవారు వివేకులు. తక్కినవారు "3.4 కంటె తక్కువది" అని ఒక పంక్తి వ్రాసి, రాబోవు భద్రతా సవరణలన్నిటికిని ఆనాడే తలుపు మూసి, హాయిగా నిద్రించిరి.

ఎట్లో ఇన్‌స్టాలైనది, ఇక వాడుక. ఏఈఎస్ అను రహస్యలిపి పదునారు బైట్ల ముక్కలతో పనిచేయునది గనుక, సందేశపు పొడవు పదునారింటి గుణిజము కానిచో పాత పైక్రిప్టో అభ్యంతరము చెప్పెడిది. వెంటనే సందేశము తోకకు ఖాళీలో, కర్లీ బ్రేసులో తగిలించి ఆ అభ్యంతరమును మాన్పిరి. ఈ ముక్కలను గూఢపరుచు పద్ధతి, అనగా మోడ్, ఏదని చెప్పకున్నచో పైక్రిప్టో మారుమాటాడక ఈసీబీ అను నికృష్టపద్ధతిని అవలంబించెడిది. దానిలో ప్రతి ముక్కయు విడివిడిగా గూఢపరుపబడుటచే, ఒకే రూపము గల ముక్కలు గూఢరూపమునను ఒకే విధముగా నుండును. వారసుడైన పైక్రిప్టోడోమ్ ఈ దుస్థితిని తెలిసియే, మోడ్ తప్పక చెప్పవలెనని పట్టుపట్టినది. ప్రోగ్రామరు ఒక్క క్షణము ఆలోచించుననుట దాని ఆశ. ఆ ఆశ ఎట్లు ఫలించినదనగా, మోడ్ అడిగినచోట ఈసీబీ అనియే వ్రాసి యిచ్చిరి. ఏలయన తక్కిన పద్ధతులతో ఐవీ వంటి మరియొకదానిని గూడ మోయవలసి వచ్చును, ఇది యేమియు నడుగదు! ఐవీ ఇచ్చిన ధర్మాత్ములు సైతము దానిని ప్రతి సందేశమునకు క్రొత్తగా పుట్టింపరు. పైక్రిప్టో వివరణగ్రంథములో ఉదాహరణార్థము "దిస్ ఈజ్ ఎ కీ 123" అను తాళముచెవియు, "దిస్ ఈజ్ ఎన్ ఐవీ 456" అను ఐవీయు ముద్రింపబడియుండెను. రెండును సరిగా పదునారేసి అక్షరములు. ఇట్లు వండి వడ్డించి యుండగా ఆకలిగొన్నవాడు నకలు తీయక ఏమి చేయును?

ఇది అల్పుల చేష్ట యని త్రోసివేయ వీలులేదు. 2013లో అడోబీ సంస్థ నుండి దాదాపు పదునైదు కోట్ల ఖాతాల వివరములు బయటపడినప్పుడు, పాస్‌వర్డులు ట్రిపుల్ డెస్ అను రహస్యలిపితో ఈసీబీ పద్ధతిలోనే గూఢపరుపబడి యుండుట లోకమెల్ల జూచినది. ఒకే పాస్‌వర్డు గలవారందరికిని ఒకే గూఢరూపము. ప్రక్కనే, వారు మరపునకు మందుగా వ్రాసికొన్న సూచనలు మాత్రము తేటతెల్లముగా! తాళముచెవి లేకయే వేలమంది సూచనలను చేర్చి చదివి పాస్‌వర్డు నూహించుట వినోదక్రీడ యైనది. అదే యేట రహస్యలిపిని వాడు 11,748 ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించిన పండితులు 10,327 యాప్‌లలో ఏదో ఒక మౌలికమైన తప్పు గలదని తేల్చిరి. అవన్నియు దుకాణమునకు వచ్చినవి, అమ్ముడుపోయినవి, నడచినవి. లైబ్రరీ రచయితలను నేను నిర్దోషులనను. ఒకే పేరును ముగ్గురు ధరించుటయు, అధమపద్ధతి తనంతట వచ్చి కూర్చుండుటయు వారి నిర్వాకమే.

సర్టిఫికెట్ల ప్రకరణము మరింత రసవత్తరము. అవతలి సర్వరు నిజముగా తాను చెప్పుకొన్న సర్వరేనా యని లైబ్రరీ పరీక్షించి, కాదని తోచినచో ఎర్రరు చూపును. పైథాను రిక్వెస్ట్స్ లైబ్రరీలో "వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్" అని వ్రాయుటతో ఆ పరీక్ష ఆగిపోవును. అప్పటికిని సాధువైన ఆ లైబ్రరీ ప్రతిసారియు హెచ్చరిక యొకటి ముద్రించును. హెచ్చరికలను నిలిపివేయు పంక్తి మరియొకటి తెచ్చి దానిని గూడ శాంతింపజేయుదురు. ఇది తెలిసి చేసిన పాపము. తెలియక చేసినది పీహెచ్‌పీ వారిది: కర్ల్ అను లైబ్రరీలో పేరును పరీక్షించు అమరికకు విలువ రెండు కావలసి యుండగా, వారు భక్తితో "ట్రూ" అని వ్రాసిరి, అది ఒకటిగా మారెను. ఒకటికి అర్థము, సర్టిఫికెటులో పేరనునది ఉన్నదా లేదా యని మాత్రము చూడుమని. రిజిస్ట్రారు కచేరీలో పొలమమ్మ వచ్చినవానికి ఏదో ఒక పేరున్నదని విని, అది దస్తావేజులోని పేరేనా యని అడుగక ముద్రవేయు గుమాస్తావలె. ఈ వింతను 2012లో పండితులు బయటపెట్టిన పిమ్మట కర్ల్ వారు ఆ "ఒకటి"ని చెల్లనీయమని మార్పు చేసిరి.

మరల పైక్రిప్టోకు వత్తము. చచ్చియు అది మనలను విడువలేదు. 2019లో వెలువడిన పైథాను 3.8లో 'టైమ్ డాట్ క్లాక్' అను ప్రమేయము తొలగింపబడినది. పైక్రిప్టోలో యాదృచ్ఛికసంఖ్యలను పుట్టించు భాగము దానిని పిలుచుచుండుటచే ప్రోగ్రాములు ఆగిపోయెను. ఆ ఎర్రరు తాత్పర్యము పసిబిడ్డకైనను తెలియును: నేను మరణించితిని, నన్ను విడువుము. ప్రచారములోనికి వచ్చిన చికిత్స మాత్రము, ఇన్‌స్టాలైన ఫైలును దెరచి 'క్లాక్' చెరిపి 'టైమ్' అని వ్రాయుట! ఈ ఒక్క మార్పు వలన మహోపద్రవము కలుగకపోవచ్చును; కలుగదని తెలిసికొని చేసినవారెందరు?

ఇట్టి శస్త్రచికిత్సకు పూర్వచరిత్ర కలదు. 2006లో డెబియన్ అను లినక్స్ వారి ఓపెన్ఎస్ఎస్ఎల్ అను రహస్యలిపి ప్యాకేజిపై, మెమరీ దోషములను పసిగట్టు వాల్‌గ్రైండ్ అను పరికరము, విలువ నింపని మెమరీని చదువుచున్నారని అదే పనిగా ఫిర్యాదు చేయుచుండెను. ఫిర్యాదునకు మూలమైన రెండు పంక్తులు తొలగింపబడినవి. వానిలో ఒకటి యాదృచ్ఛికత అంతయు లోనికి ప్రవేశించు ద్వారము. ద్వారము మూయబడగా లోపల మిగిలినది ప్రాసెసు సంఖ్య యొక్కటే, దాని గరిష్ఠము 32,768. అనగా ఒక్కొక్క రకపు యంత్రముపై, ఒక్కొక్క పరిమాణమునకు, పుట్టదగిన తాళముచెవులు అన్నియే. వానినన్నిటిని ముందుగానే చేసి పెట్టుకొనుట ఎవరికైనను సాధ్యము. 2008 మే నెలలో, లూచియానో బెల్లో కనిపెట్టిన ఈ లోపము ప్రకటింపబడగా, డెబియన్, ఉబుంటు సర్వర్లను నమ్మినవారు తమ తాళముచెవులను పారవేసి క్రొత్తవి చేయించుకొనవలసి వచ్చెను. అంతవరకు, దాదాపు రెండు సంవత్సరములు, వాల్‌గ్రైండ్ ఆ రెండు పంక్తులను గూర్చి కిక్కురుమనలేదు.