రొయ్యల మామ

ఇందుకూరుపేట దాటి మైపాడు దోవలో ఏ టీ కొట్టు దగ్గరైనా సరే, గ్లాసు చేతిలో పట్టుకొనే నిద్రపోతున్న మనిషి కనిపిస్తే లేపకండి. ఆయన రొయ్యల మామ. ఊరికి ఒకరైనా ఉంటారు. కొన్ని ఊళ్లలో వాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు.

పగటి నిద్రకి కారణం రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా. పగలు గుంటలోని సన్న పాచి ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. పొద్దుగూకాక దానికీ రొయ్యతో పాటే పీల్చడమే మిగులుతుంది. తెల్లారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అందుకని రాత్రంతా ఏరేటర్లు తిరగాల్సిందే. ఆ రొదలో మామ షెడ్డు మంచం మీద హాయిగా గురక పెడతాడు. కరెంటు పోయి రొద ఆగిందో, ఉలిక్కిపడి లేచి జనరేటర్ మీదికి దూకుతాడు. ఇంటికొస్తే మాత్రం ఆ నిశ్శబ్దానికి నిద్ర రాదు. అత్త మిక్సీ వేస్తే గానీ కన్ను మూతపడదు.

1990లలో టైగర్ రొయ్య వేసి బంగారం కొన్నవాళ్లలో మామ ఒకడు. తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ బంగారాన్నే బ్యాంకులో పెట్టినవాళ్లలోనూ ఒకడే. ఇక రొయ్య జోలికి పోనని తిరుమల కొండ మీద ఒట్టేసుకున్నాడు. 2009లో వనామి రొయ్యకి అనుమతి రాగానే ఆ ఒట్టు తీసి గుంట గట్టు మీదే పెట్టాడు.

పెళ్లికి పిలిస్తే వస్తాడు. అక్షింతలు మేత చల్లినట్టు వాలుగా విసురుతాడు. విస్తట్లో రొయ్యల వేపుడు పడితే నోట్లో పెట్టుకోడు, వెలుతురుకి ఎత్తి చూస్తాడు.

"40 కౌంటు అబ్బయా. తొందరపడి పట్టేశారు. ఇంకో ఇరవై రోజులు ఆగుంటే 30కి దిగేది."

కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటు. తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మామ జీవితంలో తగ్గితే సంతోషించే లెక్క ఇదొక్కటే.

తను ఎప్పుడు తిన్నాడో చెప్పలేడు గానీ, రొయ్య ఎంత తినిందో చెప్పగలడు. మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే పైకి లాగుతాడు. మేత మిగిలితే దిగులు, జబ్బేమోనని. మిగలకపోతే ఇంకో దిగులు, చాల్లేదేమోనని. అమావాస్యకి రొయ్య గుల్ల విడుస్తుందని ఊపిరి బిగబడతాడు. ఇవన్నీ గడిచినా అమెరికా ఉండనే ఉంది. 2025లో అక్కడ మన రొయ్య మీద సుంకం పెంచారని తెలిసిన రోజు టీ కొట్టులో ప్రపంచ రాజకీయం మీద ఉపన్యాసం ఎత్తుకున్నాడు. ట్రంప్ పేరు సగం పలికి, మిగతా సగం గురకలో కలిపేశాడు.

మనిషి మొద్దుబారిపోతున్నాడని, మొన్న పట్టుబడి అయ్యాక కొడుకు బలవంతాన నెల్లూరు తీసకపోయి డాక్టరుకి చూపించాడు. నర్సమ్మ వేలికి క్లిప్పు తగిలించి, "ఆక్సిజన్ 98 ఉంది, బ్రహ్మాండం" అనింది.

అంతదాకా కుర్చీలో జోగుతున్న మామ కళ్లు తెరిచాడు.

"ఇది పగటి లెక్క గదమ్మా. తెల్లారుజామున ఎంతుంటదో చూశారా?"