నాలుగవ రంధ్రము

నేను తుప్పెరుగని ఉక్కుతో చేయబడి, వరుసగా ఎనిమిది రంధ్రములు గల పలకను. తాటిచెట్టు మీదినుండి జారిపడి కుడి దండచేతి ఎముక విరిగిన యొక గీతకార్మికుని మాంసపేశుల చాటున నివసించుచున్నాను.

ఎముకను కదలకుండ పట్టియుంచుట నా విధి; నా భయమంతయు నరమును గుఱించినది. నా యజమాని మ్రానుకు చుట్టు మోకువలె రేడియల్ నరము ఈ యెముక వెనుకభాగమున ఏటవాలుగా మెలిదిరిగి, మోచేతి వెలుపలి గుబ్బకు ఇంచుమించు 10 సెంటీమీటర్ల పైన కండరముల నడిమి పొరను చొచ్చుకొని ముందువైపునకు వచ్చును. అచ్చట అది పొరలో బిగిసి తప్పుకొనలేనిదగుటచే, దిగువ మూడవ వంతున ఏటవాలుగా విరిగిన యెముక ముక్కలు దానిని నొక్కునని హోల్‌స్టీన్, లూయిస్ అను వైద్యులు 1963లో వ్రాసిరి. నరము దెబ్బతిన్నచో మణికట్టు వాలిపోవును, వ్రేళ్లు విచ్చుకొనవు. అందుచేతనే వైద్యుడు మత్తు ఇచ్చుటకు ముందు "మణికట్టు పైకెత్తవయ్యా" అని యడిగి, ఎత్తినాడని కాగితముపై వ్రాసికొనెను. పిమ్మట వాలినచో నేరము పడిన దెబ్బదియో, కత్తిదియో తేల్చుటకు వేరొక సాక్ష్యము లేదుగదా!

ముందువైపునుండి పోవు త్రోవలో నరము కంటబడదు గనుక అది నిరపాయమని కొందఱు భ్రమింతురు. ముందునుండి తొలిచిన బరమా వెనుకకు పొడుచుకొని వచ్చినచో, ఎముక నడిమిభాగమున దానికెదురగునది ఆ నరమే. నా యజమానికి విరుపు దిగువన నుండుటచే వెనుకత్రోవ పట్టిరి. ఎముకను ముట్టుటకు ముందే వైద్యుడు నరమును వెదకి, మెత్తని రబ్బరు పట్టీ చుట్టి, దానిని లాగవద్దని సహాయకుని రెండుమాఱులు హెచ్చరించెను. నన్ను నరము క్రిందుగా జొనిపి, మరలు బిగించుటకు ముందు నా అంచుల వెంబడి వ్రేలు పోనిచ్చి, ఏదియు చిక్కుకొనలేదని నిశ్చయించుకొనెను. "నరము నాలుగవ రంధ్రముపై దాటుచున్నది" అని శస్త్రచికిత్సా పత్రమున వ్రాయించెను.

ఇంత జాగ్రత్తపడినను మఱునాడు మణికట్టు వాలెను. నరము తెగలేదని కన్నులార చూచినవాడగుటచే వైద్యుడు మరల కత్తి పట్టక, చేతికి ఆధారపుపట్టీ కట్టి వేచియుండెను. కొన్ని వారములకు మొదట మణికట్టు లేచెను. పిదప వ్రేళ్లు, కట్టకడపట బొటనవ్రేలు.

ఎముక అతికిన పిమ్మట నా యజమాని, "సారూ, ఇంక ఈ రాడ్డు తీసెయ్యరాదా?" అనెను. వైద్యుడు పాత పత్రము తెఱచి చదివి, మచ్చకట్టిన కండలో ఆ నరమును వెదకుట మొదటిసారికంటె కష్టమని వివరించి, "నొప్పి లేదుగా? ఉండనియ్యవయ్యా" అనెను.