ట్విస్టుకు దొరక్కుండా థ్రిల్లర్ చూసే చిట్కాలు

సైకలాజికల్ థ్రిల్లర్ తీసేవాడి ఉద్దేశం ఒక్కటే. రెండు గంటలు మనల్ని ఒక దారిన నడిపించి, చివరి పది నిమిషాల్లో వెర్రివాళ్లను చెయ్యడం. టికెట్ కొని మరీ వెర్రివాళ్లం కావడానికి జనగామలోగానీ మానుకోటలోగానీ భూపాలపల్లిలోగానీ ఎవరూ ఖాళీగా లేరు. దర్శకుడి కంటే మనమే తెలివైనవాళ్లమని ఇంటర్వెల్ లోపే తేలిపోవాలి. సినిమా అర్థమైందా లేదా అన్నది తర్వాత.

1. ఆలస్యంగా వెళ్లండి. 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ షరతు పెట్టాడు. పాపం, ఆయన మన దిక్కు రాలేదు. టైటిళ్లు పడుతున్నంతసేపు బయట చాయ్ తాగండి. తర్వాత ఫోన్ లైటు వేసుకొని, వరుసలో ఉన్న కాళ్లన్నీ తొక్కుతూ వెళ్లి కూర్చోండి. పక్కాయనను “అన్నా, ఇప్పటిదాక ఎవరన్న సచ్చిండ్రా?” అని అడగండి. ఆయన చెప్పడం మొదలుపెడితే వెనక వరుసకు కూడా ఐదు నిమిషాల కథ పోతుంది.

సాకు ఊరిని బట్టి మారాలి. మానుకోటలో “గోల్కొండ లేటు” అంటే చాలు, జనగామలోనూ అదే నడుస్తుంది. భూపాలపల్లిలో రైలు మాట ఎత్తకండి, అక్కడ స్టేషనే లేదు. “ఫస్ట్ షిఫ్ట్ దిగి వస్తున్న” అనండి. పక్కన కూర్చున్నది సింగరేణి మనిషి కాదని మాత్రం ముందే చూసుకోండి. “ఏ బాయి?” అని అడిగితే తెర మీది ట్విస్టు కంటే ముందు మీది బయటపడుతుంది.

2. హంతకుడిని ముందే కనిపెట్టండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన విద్య. బుర్ర పెట్టి ఆలోచించే శ్రమ అక్కర్లేదు, సీట్లు సరిగ్గా ఎంచుకుంటే చాలు. కుడిపక్క బామ్మర్దిని, ఎడమపక్క తోడల్లుడిని కూర్చోబెట్టండి. అరగంట గడిచాక బామ్మర్ది చెవిలో “డాక్టరే చంపిండు, రాసిపెట్టుకో” అనండి. కాసేపాగి తోడల్లుడి చెవిలో “ఆ పెండ్లామే” అనండి. వాచ్‌మన్ పేరు పాప్‌కార్న్ అమ్మే పిల్లగాడికి చెప్పి ఉంచండి. ఆట విడిచాక ఎవరి చెవి నెగ్గిందో వాళ్లతోనే ఇంటికి రండి, దారంతా “నేను గప్పుడే చెప్పిన గదా” అంటూ. రెండో ఆయనను ఆటో ఎక్కించి పంపెయ్యండి. ఇద్దరినీ ఒకే బండి మీద తీసుకురావడం మొదటిసారి చేసేవాళ్ల పొరపాటు.

ఒక్క పేరే చెప్పే ధైర్యం ఉంటే దానికీ దారి ఉంది. పేరున్న నటుడు మూడే సీన్లలో, పనేమీ లేకుండా నవ్వుతూ కనిపిస్తే వాడే. అంత పారితోషికం ఊరికే ఇవ్వరు. కథను పక్కనపెట్టి నటుల జాబితాను దర్యాప్తు చెయ్యండి.

3. పరీక్షకు ముందే పేపర్ సంపాదించండి. 2019 ఆగస్టులో రెండు వారాల తేడాతో ‘రాక్షసుడు’, ‘ఎవరు’ వచ్చాయి. మొదటిదానికి మూలం అంతకుముందు ఏడు వచ్చిన తమిళ ‘రాట్ససన్’. రెండోదానికి మూలం స్పానిష్ సినిమా, అదే కథ ఆ ఏడు మార్చిలోనే హిందీలో ‘బద్లా’గా వచ్చింది. ఇంత సౌకర్యం ఉండగా కొత్తగా ఆశ్చర్యపోవడం దేనికి? మూలం మొత్తం చూసే ఓపిక లేకపోతే చివరి పేరా చదువుకొని రండి. ‘ఎవరు’లో కథను మనవాళ్లు చాలాచోట్ల మార్చారు కాబట్టి మీ జోస్యం తప్పొచ్చు. అప్పుడు “స్పెయినోళ్లదే కరెక్టు, మనోళ్లు ఖరాబు చేసిండ్రు” అనండి.

4. నెమ్మదిగా సాగే సీన్లలో ఫోన్ చూసుకోండి. ఇలాంటి సినిమాలో ఆధారాలన్నీ అక్కడే దాస్తారు. గోడ మీద ఫొటో, ఆగిపోయిన గడియారం, మాట మధ్యలో ఎవరో చూపు తిప్పుకోవడం. వాటిని వదిలేస్తేనే చివర్లో “లాజిక్ లేదు” అనే హక్కు వస్తుంది. 2005లో వచ్చిన ‘అనుకోకుండా ఒక రోజు’లో ఛార్మికి జీవితంలో ఒక రోజు గుర్తుండదు. మీకు ఫస్టాఫ్ గుర్తుండదు. ఆమె దర్శకుడు చంద్రశేఖర్ యేలేటి మీద ఫిర్యాదు చేయలేదు గానీ మీరు చెయ్యొచ్చు.

5. చూసిన మరునిమిషం ముగింపు పంచిపెట్టండి. 1955 నాటి ఫ్రెంచి సినిమా ‘డయబాలిక్’ చివర్లో, దయచేసి ముగింపు ఎవరికీ చెప్పొద్దని తెర మీదే వేడుకున్నారు. అంత బతిమాలారంటే అది ఎంత విలువైన సరుకో చూడండి. ఎవరైనా కోప్పడితే సంప్రదాయం అడ్డం పెట్టండి. మనది ఒగ్గుకథల గడ్డ. జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య మల్లన్న కథ ఎత్తుకుంటే, ముగింపు తెలిసిన జనమే తెల్లవార్లూ కూర్చుని విన్నారు. కాబట్టి ముగింపు చెప్పడం తప్పు కాదని వాదించండి. ఆయన గొంతు, డోలు దెబ్బ, ఆ ఆట వేరు కదా అని ఎవరైనా అంటే వినపడనట్టు ఉండండి.

ఉదాహరణకు, ప్రశాంత్ వర్మ 2018లో తీసిన ‘అ!’లో పాత్రలన్నీ కాజల్ మనసులోని మనుషులే. ఇంకా చూడనివాళ్లు నాకు కృతజ్ఞతలు చెప్పొచ్చు, రెండు గంటలు మిగిల్చాను.

6. అర్థం కాకపోతే సినిమానే తిట్టండి. 2014 సంక్రాంతికి మహేశ్‌బాబు ‘1 నేనొక్కడినే’ వచ్చినప్పుడు చాలామంది ఇదే చేశారు, పనిచేసింది కూడా.

7. నేర్చుకున్న మనస్తత్వశాస్త్రాన్ని ఇంట్లో వాడండి. ‘అపరిచితుడు’, ‘చంద్రముఖి’ ఒకే ఏడాది, 2005లో వచ్చి మనకు గొప్ప మేలు చేశాయి. కూరగాయలు తెస్తానని మాటిచ్చి మరిచిపోతే, అపరిచితుడిలా “మాటిచ్చింది రామానుజం, ఇంటికొచ్చింది రెమో” అనండి. “అయితే ఇయ్యాల్టి బువ్వ కూడా రెమోనే వండుకొమ్మను” అని ఇంటావిడ అంటే ఆకలితో పడుకోండి. ఒక్క పూట పస్తుకు మార్కెట్ దాకా నడక తప్పింది, బేరం మనదే.

8. ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే కొన్నాళ్లకు బామ్మర్ది ఫోన్ ఎత్తడు, తోడల్లుడు సినిమా పేరే మీ ముందు ఎత్తడు. పూర్తిగా గెలిచినట్టు లెక్క. టికెట్టు, పార్కింగు, పాప్‌కార్న్ డబ్బులన్నీ జేబులోనే. ఇక ఇంట్లో ఒక్కరే టీవీ ముందు కూర్చుని, రిమోట్‌తో చివరి పది నిమిషాలకు జరిపి, హంతకుడి పేరు తెలుసుకొని పడుకోండి. పొద్దున టిఫిన్ సెంటర్ దగ్గర ఎవరైనా “ఇయ్యాల మ్యాట్నీకి పోతున్నం” అంటే ఆలస్యం చెయ్యకండి, వాళ్లు బండి స్టార్ట్ చేసేలోపే ఆ పేరు చెప్పెయ్యండి.