హాల్‌టికెట్ మీద కనురెప్పలు

దక్షిణ కొరియాలో ఏటా నవంబరులో ఒక గురువారం కాలేజీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. పేరు సునుంగ్. ఆ రోజు ఆఫీసులు, స్టాక్ మార్కెట్ గంట ఆలస్యంగా తెరుస్తారు. ఇంగ్లీషు వినికిడి పరీక్ష సాగే అరగంట పైచిలుకు విమానాలు లేవవు, దిగవు. ఆలస్యమైన పిల్లల్ని పోలీసులే బండెక్కించుకుని కేంద్రం దగ్గర దింపుతారు. (నిమిషం నిబంధన ఎరిగిన మన ఇంటర్ విద్యార్థులు ఇక్కడ కాసేపు నిట్టూర్చవచ్చు.)

పిల్లల బుర్రలో ఏముందో తేల్చుకున్నాక దేశం చూపు మొహం మీదికి మళ్లుతుంది. పాట పుణ్యమా అని తెలుగువారికీ తెలిసిన సియోల్‌లోని గంగ్నమ్‌లో కాస్మెటిక్ సర్జరీ క్లినిక్కులు పరీక్ష రాసినవారికి డిస్కౌంట్లు ప్రకటిస్తాయి. రుజువుగా హాల్‌టికెట్ చూపిస్తే చాలు. మార్కులెన్నని అడగరు. ఆ ఊళ్లో పద్దెనిమిదేళ్ల పిల్లను ఆ ప్రశ్న అడగని పెద్దమనుషులు బహుశా వాళ్లొక్కరే.

గిరాకీ ఎక్కువగా కనురెప్పకు. తూర్పు ఆసియాలో చాలామందికి పై రెప్ప మీద మడత పుట్టుకతో రాదు. కత్తితో కోసి గానీ, కోత లేకుండా సన్నటి దారాన్ని రెప్పలోకి ఎక్కించి ముడివేసి గానీ ఆ మడత తెప్పిస్తారు. దారం పని అరగంటలో తెమిలిపోతుంది. కొత్త విద్యా సంవత్సరం మార్చిలో మొదలవుతుంది కాబట్టి వాపు తీయడానికి వ్యవధి కావలసినంత. కొందరికి కొన్నేళ్లకు దారం సడలి మడత మాయమవుతుంది. అప్పుడు మళ్లీ వెళ్లాలి, ఈసారి హాల్‌టికెట్ లేకుండా.

ఈ విద్యను జపాన్‌లో మికమో అనే వైద్యుడు 1896లోనే రాసిపెట్టాడు. కొరియాలో దానికి పేరు తెచ్చినవాడు మాత్రం 1950లలో అమెరికా సైన్యం వెంట వచ్చిన ప్లాస్టిక్ సర్జన్ రాల్ఫ్ మిలార్డ్. గ్రహణం మొర్రి సరిచేయడానికి ఆయన రూపొందించిన పద్ధతి నేటికీ ప్రపంచమంతటా పసిపిల్లల పెదవులు కలుపుతోంది. అదే చేత్తో ఆయన ఒక కొరియన్ దుబాసీ కళ్లకూ మడత వేశాడు. ఆ కళ్లు చూస్తే మనిషి మనసులో ఏముందో అంతుబట్టడం లేదని అమెరికన్లు అనుమానపడుతున్నారట, అదీ దుబాసీ గోడు. అనుమానం ఒకరిది, కోత ఇంకొకరికి. నేటి పదిహేడేళ్ల పిల్ల విషయంలోనూ పద్ధతి పెద్దగా మారలేదు.

టీనేజర్లకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు చట్టం దగ్గర రెడీమేడ్ జవాబుంది: తల్లిదండ్రుల సంతకం. కొరియాలో మైనారిటీ తీరేది 19 ఏళ్లకు. ఈలోపు అమ్మో నాన్నో ఒప్పుకోవాలి. పిల్ల తొందరపడితే పెద్దలు ఆపుతారని లెక్క. అయితే పరీక్ష అయ్యాక రెప్పలు బహుమతిగా కొనిపెడుతున్నవారిలో ఆ పెద్దలే ఉన్నారు. క్లినిక్కు పేరు కనుక్కున్నదీ, డబ్బు కట్టేదీ, చివర్న కళ్లజోడు సవరించుకుని అనుమతి పత్రం నింపేదీ ఒకే చెయ్యి. కోడిపిల్లకు గద్ద సంరక్షణ అనలేం గానీ, కాపలా ఎవరి మీదో తేలదు.

తల్లిని తప్పుపట్టడమూ అంత సులువు కాదు. అక్కడ ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో అతికించడం ఏళ్లనాటి ఆచారం. ప్రభుత్వ రంగ నియామకాల్లో ఫొటో అడగొద్దని 2017లో గానీ ఆదేశం రాలేదు. ట్యూషన్‌కు కట్టినట్టే రెప్పకూ కట్టిందామె. పెట్టుబడి పెట్టుబడే.

మిగతా దేశాలు వయసుతో కుస్తీపడుతున్నాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2008లో, పిల్లల మేలు కోసమైతే తప్ప 18 లోపువారికి ఇలాంటి ఆపరేషన్లు చేయడం నేరమంది. ఇంగ్లండ్ 2021 అక్టోబరు నుంచి అందం కోసం 18 లోపువారికి బొటాక్స్, ఫిల్లర్ ఎక్కించకూడదంది. చట్టం సూది దగ్గరే ఆగింది. కత్తి సంగతి వైద్యుల మార్గదర్శకాలకు వదిలేసింది. అమెరికాలో రొమ్ము పెంచుకునే సిలికాన్ ఇంప్లాంట్‌కు ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది 22 నిండినవారికి. బీరుకు 21 చాలు.

పెరిగే ఒంటికి ఈ చట్టాలేవీ తెలియవు. చెవి అయిదారేళ్లకే దాదాపు పూర్తి సైజుకు వస్తుంది కనుక, బయటికి పొడుచుకొచ్చి బడిలో ఏడిపింపులు తెచ్చే చెవులను ఆ వయసులోనే సరిచేయవచ్చు. ముక్కు అలా కాదు, యుక్తవయసు పొడుగునా పెరుగుతూనే ఉంటుంది, మగపిల్లల్లో మరీ ఆలస్యంగా. పదిహేనేళ్లకు చెక్కించిన ముక్కు ఆ తర్వాత తన దారిన తాను పెరిగితే, అనుమతి పత్రంలో సంతకం చేసినవారు ఎముకను మందలించాలి.

ఒక సర్జన్‌ను చూపించి మరొకరితో కోయించిన ఉదంతాలు బయటపడ్డాక, రోగి స్పృహలో లేకుండా జరిగే ఆపరేషన్లున్న గదుల్లో కొరియా 2023 సెప్టెంబరు నుంచి కెమెరాలు తప్పనిసరి చేసింది. రికార్డు దానంతట అది కాదు, రోగి గానీ సంరక్షకులు గానీ ముందే అడగాలి. మైనరు తరఫున అడగాల్సింది కూడా హాల్‌టికెట్ పట్టుకుని కౌంటర్ దగ్గర బేరమాడుతున్న ఆ పెద్దలే.