సాగర్ వాలుగ

మాచర్ల నుంచి సాగర్ వెళ్లే రోడ్డు పక్కన ఒక హోటలుంది. బోర్డు మీద పెద్ద ఎర్రక్షరాలతో ‘సాగర్ వాలుగ పులుసు’ అని ఉంటుంది. హైదరాబాదు కార్లు అక్కడ ఆగేది ఆ మూడు మాటల కోసమే.

సంక్రాంతికి మెల్‌బోర్న్ నుంచి వచ్చిన మా అన్నయ్య కొడుకు మమ్మల్నందర్నీ అక్కడికే బయల్దేరదీశాడు. అన్నయ్య రానన్నాడు. కడుపులో బాగాలేదన్నాడు. వాడు వినలేదు. ‘‘ఆ పులుసుకు పేరొచ్చిందే నీ చేపతో గదా నాన్నా’’ అంటూ కారెక్కించాడు. విజయపురి సౌత్‌లో పడవల దగ్గర చేపలు కొని, ఐసుపెట్టెల్లో మాచర్ల, గురజాల, నరసరావుపేట హోటళ్లకు పోయడమే అన్నయ్య జీవితమంతా చేసిన పని. మోకాళ్లు మొరాయించి ఈమధ్యే మానేశాడు.

కొడుకు అక్కడ చేసేదీ అదే పని. హోటళ్లకు చేపలు సరఫరా చేసే కంపెనీలో ఉద్యోగం. 2026 జూలై 1 నుంచి ఆస్ట్రేలియా హోటళ్లు చేప ఎక్కడిదో మెనూలోనే చెప్పి తీరాలట. ‘ఏ’ అంటే ఆస్ట్రేలియాది, ‘ఐ’ అంటే దిగుమతైంది, ‘ఎం’ అంటే రెండూ కలిసింది. ‘‘హోటలువాడికి మా కాగితమే ఆధారం బాబాయ్. మేం తప్పు రాసిస్తే వాడూ తప్పే చెప్తాడు’’ అన్నాడు దారిలో.

పులుసు వచ్చింది. వాడు ముక్క విరిచి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

‘‘ఇది వాలుగ కాదు, పంగాసియస్. వియత్నాం నుంచి మాకు బాసా పేరుతో దిగే చేప. రోజూ చూసేవాణ్ణి, నాకు తెలియదా?’’

వాడి కోపం న్యాయమైందే. మన కైకలూరు చెరువుల్లోనూ పెరిగే పంగాసియస్‌ను తప్పుపట్టాల్సిందేమీ లేదు. చౌక, ఎందరికో అన్నంలోకి కూర. కైకలూరు చేపేనని రాస్తే తినేవాళ్లు తింటారు. కానీ వాలుగ ధర పుచ్చుకుని దాన్ని పెట్టడం దగా. అంతకంటే పెద్ద అన్యాయం, చీకటితో లేచి సాగర్‌లో వల లాగే జాలరికి ఆ పేరు మీద వచ్చే డబ్బులో పైసా దక్కకపోవడం. మన బిల్లుల మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరైతే ఉంటోంది. చేప ఏ నీళ్లదో మాత్రం ఎక్కడా ఉండదు.

హోటలాయన్ని పిలిపించాడు.

‘‘ఎక్కడి చేపండీ ఇది?’’

‘‘సాగర్‌దే బాబూ.’’

‘‘తిండి గురించి అబద్ధం ప్రచారం చేస్తే 2006 చట్టం 53వ సెక్షను కింద పది లక్షల దాకా జరిమానా వేస్తారు, తెలుసా? మా నాన్న చేపలు పోసినన్నాళ్లూ ఇట్టాంటిది జరిగిందా? ఆయన మానేశాక ఆయన పేరు కూడా చెడగొడుతున్నారు!’’

చుట్టూ టేబుళ్లవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. హోటలాయన పల్లెత్తు మాట అనలేదు. అన్నయ్య వైపు చూసి తల దించుకున్నాడు.

‘‘ఆయన్నేం అనబాకురా’’ అన్నాడు అన్నయ్య. ‘‘కైకలూరు లోడు తెచ్చి వాలుగేనని ఇక్కడ దింపింది నేను. ఆ బోర్డు రాయించిందీ నేనే. 2015లో సాగర్‌కు నీళ్లు రాలా. నీ మెల్‌బోర్న్ ఫీజుకు మాత్రం గడువొచ్చింది.’’